ఎవరూ లేని ఊరికి

మన భాషలో ‘సెలవు’ అన్న మాటకు ఎన్ని అర్థాలున్నవో తలచుకొన్నప్పుడు నాకు ముచ్చట వేస్తుంది. పెద్దలు మాటాడితే సెలవిచ్చినారంటాము. ఒకరి ఇంటినుండి వెళ్ళేటప్పుడు సెలవు పుచ్చుకొంటాము. పని లేని దినాన్ని సెలవంటాము. పాత లెక్కల పుస్తకాలలో అయితే ఖర్చయిన సొమ్మును కూడ సెలవు కింద వ్రాసేవారు. అనుజ్ఞ, వీడుకోలు, విశ్రాంతి, వ్యయం, ఈ నాలుగూ ఒక్క మాటలో ఇమిడి ఉన్నవి. ఏదైనా దూరదేశానికి విహారయాత్ర సంకల్పించిన గృహస్థుకు ఈ నాలుగర్థాలూ ఒకదాని వెంట ఒకటి బోధపడుతవి. గత కొన్ని మాసాలుగా మా ఇంట జరుగుతున్నది ఈ పాఠమే.

మేము జంషెడ్‌పూర్ తెలుగువారము. మా తాత శ్రీకాకుళం సీమలో, ఉద్దానంలో, కవిటి దాపున ఒక పల్లెనుండి ఇచ్ఛాపురం స్టేషనులో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి ఇక్కడికి వచ్చినాడు. అప్పటికి కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అని పేరు పెట్టి కొద్ది ఏళ్ళే అయినది. తాత పట్టాల మిల్లులో పనిచేసినాడు. నాన్న కొలిమి దగ్గర. నేను డ్రాయింగ్ ఆఫీసులో. ఈ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చినది. వేతనంతో కూడిన సెలవు 1920లో వచ్చినది. ఇంగ్లండులో అటువంటి సెలవును గూర్చి చట్టం వెలువడినది 1938లో. కంపెనీ కట్టడి వేరు, దేశపు చట్టం వేరు, నిజమే. అయినప్పటికి మా తాత తన సెలవు చీటీని ఎంత గర్వంతో చూపేవాడో తలచుకొంటే, ఈ తేదీల భేదం నాకు చిన్నదిగా తోచదు.

కాని, ఆ సెలవును తాత ఏమి చేసుకొన్నాడు? ఊరికి వెళ్ళినాడు. సంక్రాంతికి వెళ్ళినాడు, చెల్లెలి పెండ్లికి వెళ్ళినాడు, తండ్రి తద్దినానికి వెళ్ళినాడు. ‘విహారం’ అన్న మాట కావ్యాలలో రాజులకూ హంసలకూ తగినదే గాని, పట్టాల మిల్లు కూలీకి దానితో పని లేదు. మనవారికి ప్రయాణమంటే రెండే: బంధువుల ఊరు, దేవుని ఊరు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే మాసంలో చెన్నపట్నంనుండి పెద్ద పరివారంతో బయలుదేరి, పదునైదు మాసాలకు పైగా తిరిగి, మార్గంలోని ఊళ్ళను, నీళ్ళను, ధరవరలను అన్నిటినీ శ్రద్ధతో వ్రాసిపెట్టినారు. ఆయన చూపు లోకంమీద ఉన్నది. కాని యాత్రకు ఆయన చెప్పుకొన్న కారణం కాశి. ఊరక చూచి రావడానికి పోతున్నానని చెప్పుకొనడం మన పెద్దలకు ఏనాడూ సులభం కాలేదు.

ఇట్టి ఇంటిలో పుట్టిన నేనూ, కద్మాలోని ఒక తెలుగు ఇంట పెరిగిన నా భార్యా, ఈ వయస్సులో ఇంగ్లండులోని ఒక పల్లెకు విహారానికి పోవాలని నిశ్చయించుకొన్నాము. నిశ్చయం ఆమెది. ఆమె ముప్పది సంవత్సరాలు బడిలో ఇంగ్లీషు చెప్పినది. ఏటేటా డాఫడిల్ పూలను గూర్చిన వర్డ్స్‌వర్త్ పద్యం చెప్పినది. పువ్వు ఎట్లుంటుందని పిల్లలు అడిగితే నల్లబల్లమీద ఆరు రేకులు గీచి, నడుమ చిన్న గంటవంటిది గీచి, పసుపు సుద్దతో నింపి చూపినది. ఉద్యోగం విరమించిన రోజు సాయంకాలం, “ఏమండీ, ముప్పై యేళ్ళూ చూడని పువ్వును చూచినట్టు చెప్పాను. ఒక్కసారి చూచి వద్దాం” అన్నది. ఇందులో ఎదురు చెప్పదగినది నాకేమీ కనిపించలేదు.

ఆలోచించి చూస్తే, ఇంగ్లీషు పల్లె మన తెలుగువారికి మరీ పరాయిది కాదు. మన నవల కన్ను తెరిచినది ఆ పల్లె నీడలోనే. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డ్ మతాచార్యుని కథను ఆధారం చేసుకొనే గదా కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ వ్రాసినారు! ఇంగ్లండు పల్లెలోని సాధువైన మతాచార్యుడు ధవళేశ్వరంలో తెలుగు బ్రాహ్మణ గృహస్థుగా అవతరించినాడు. తరువాతి తరంలో భావకవులు కొండనూ సెలయేటినీ పలుకరించిన తీరులో ఆ దేశపు సరోవరప్రాంత కవుల గాలి సోకినదని విమర్శకులు చెప్పుతూనే ఉన్నారు. కాబట్టి మేము అక్కడికి పోవడం చదివిన పుస్తకాన్ని చేతితో తాకి చూడడంవంటిది.

ఏ పల్లె అన్నది తరువాతి ప్రశ్న. గ్లోస్టర్‌షైర్‌లో కోల్న్ అనే చిన్న నది ఒడ్డున బైబరీ అనే ఊరున్నది. విలియం మారిస్ దానిని ఇంగ్లండులోకెల్ల అందమైన పల్లె అని మెచ్చుకొన్నాడు. అక్కడి తేనెరంగు రాతి ఇండ్ల వరుస పదునాలుగవ శతాబ్దంలో మఠంవారి ఉన్ని కొట్టుగా కట్టినది. పదునేడవ శతాబ్దంలో సాలెవారి ఇండ్లుగా మార్చినారు. చిత్రపటాలలో చూచి నా భార్య మెచ్చుకొన్నది. కాని, “ఇక్కడ నేను పాఠం చెప్పినవాళ్ళెవరూ లేరండీ” అని పటం మడిచి పెట్టినది. చివరకు ఉత్తరాన, సరస్సుల సీమలో ఉన్న గ్రాస్‌మియర్ తేలినది. వర్డ్స్‌వర్త్ తన సోదరి డొరొతీతో కలిసి 1799 డిసెంబరునుండి 1808 వరకు కాపురమున్న ఇల్లు అక్కడ ఉన్నది. దానిని డవ్ కాటేజ్ అంటారు. అంతకు పూర్వం అది పూటకూళ్ళ సత్రమట. ఆయన 1850లో మరణించిన తరువాత ఆ ఊరి చర్చి ప్రాంగణంలోనే సమాధి చేసినారు. పాత బడి ఉన్న చిన్న కట్టడంలో ఇప్పుడు అల్లపు రొట్టెలు అమ్ముతారు. బడి అంగడి అయినదని విన్నప్పుడు నా భార్య ముఖం కొంచెం చిన్నబోయినది. రొట్టెలు బాగుంటవని విని తేరుకొన్నది.

ఇక ఋతువు. అన్నాచెల్లెండ్రు అల్స్‌వాటర్ సరస్సు తీరాన ఆ పూలను చూచినది 1802 ఏప్రిల్ 15న. డొరొతీ దినచర్యలో ఆ దినపు గాలినీ పూలనూ వ్రాసిపెట్టినది. అన్నగారి పద్యం దానికి రెండేళ్ళ తరువాతిది, అచ్చయినది 1807లో. కాబట్టి మేము ఏప్రిల్ నడుమకు అక్కడ ఉండాలి. కాని అది మాకు ఉగాది, శ్రీరామనవమి వచ్చే కాలం. బిష్టుపూర్‌లోని ఆంధ్రుల రామమందిరంలో నవమి చూడకుండా నా భార్య ఏ యేడూ ఊరు దాటలేదు. పైగా దల్మా కొండమీద సాలవృక్షాలు పూచి, ఆదివాసులు సర్హుల్ పండుగ చేసుకొనేది కూడ ఆ రోజులలోనే. ఇంటి ముందర పూచిన అడవిని విడిచి, దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్లు దాటి గడ్డిలో పూచే పువ్వును చూడబోవడం ఎంతవరకు న్యాయమని నేనే ఒకనాడు అడిగినాను. ఆమె జవాబు చెప్పక పంచాంగం తెచ్చినది. అధికమాసం రాబోయే ఏడు కాబట్టి ఉగాది మార్చి మూడవవారంలోనే వస్తుందనీ, వేపపూత పచ్చడి తిని, నవమి పందిరిలో పానకం త్రాగి, ఆ మీదట బయలుదేరినా ఏప్రిల్ 15కు ముందే చేరగలమనీ లెక్క కట్టి చూపినది. డొరొతీ దినచర్యకూ మన పంచాంగానికీ ఇట్లు సంధి కుదిరినది.

ప్రయాణమార్గం చూస్తున్నప్పుడు ఒక సంగతి నన్ను నిలవేసినది. రైలు విండర్‌మియర్ వరకే పోతుంది; అక్కడినుండి గ్రాస్‌మియర్‌కు బస్సు. రైలు ముందుకు ఎందుకు పోలేదు? 1844లో ఆ రైలుమార్గం కట్టబోతున్నారని విని, డెబ్బది నాలుగేండ్ల వర్డ్స్‌వర్త్ కోపించి పద్యం వ్రాసినాడు, పత్రికకు జాబులు వ్రాసినాడు. ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదించే శక్తి నెమ్మదిగా అలవడవలసినదేగాని, పట్టణపు కార్మికులను బండ్లకొద్దీ తెచ్చి దింపితే వారికి అబ్బదని ఆయన వాదం. అయినా 1847లో రైలు విండర్‌మియర్ దాకా వచ్చినది, అక్కడే ఆగిపోయినది. మా తాత పట్టాలు దొర్లించినవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ ఊరి పట్టాలు సుమారు 1,500 మైళ్ళ పొడవున మెసపొటేమియా మొదలైన రంగాలకు పోయినవి. ఆ కృతజ్ఞతతోనే 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినాడు. అట్టి కులానికి చెందిన నేను, పట్టాలు రావద్దన్న కవి ఇంటికి పట్టాలమీద పోతున్నాను! ఆయన భయపడిన కార్మికుని మనుమడు, ఆయన పద్యాన్ని ముప్పదేళ్ళు పిల్లలకు చెప్పిన ఒక పంతులమ్మను వెంటబెట్టుకొని వస్తున్నాడు. నెమ్మదిగా అలవడాలన్న ఆయన షరతును మేము తీర్చినామనే నా నమ్మకం.

ఇంతవరకు కథ సుఖంగానే నడిచినది. మా వీధి చివర ఒక వృద్ధుడున్నాడు; ఫిట్టరు పని చేసి విరమించినవాడు, మాకు ఏ బంధుత్వమూ లేకపోయినా మా తరమంతా మామయ్య అనే పిలుస్తాము. ఈ వార్త విని ఆయన వచ్చి అరుగుమీద కూర్చొని అన్నాడు: “అక్కడ మనోళ్ళెవులున్నారు బాబూ? ఎవులూ లేనికాడికి సొమ్మెట్టుకుని ఎల్తారేటి? ఊళ్ళో తోట బీడు పడిపోనాది గదా!”

తోట మాట నిజం. ఉద్దానంలో మాకు అర ఎకరం కొబ్బరితోట ఉన్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ సీమలో కొబ్బరిచెట్లు వేలకు వేలు నేలకొరిగినవి. మావి మూడు తప్ప అన్నీ పడిపోయినవి. కొబ్బరి మొక్క నాటిన ఏడెనిమిదేళ్ళకు గాని కాపుకు రాదు. పినతండ్రి కొడుకు అక్కడ ఉన్నాడు. మొక్కలు కొనడానికీ, బావి బాగు చేయడానికీ అతడు అడిగిన సొమ్మూ, మా ప్రయాణానికి తీసి ఉంచిన సొమ్మూ ఇంచుమించు ఒక్కటే. మామయ్యకు ఆ లెక్క తెలియదు, మాకు తెలుసు. ఆ రాత్రి ఇద్దరమూ ఎక్కువ మాటాడుకోలేదు.

గోల్డ్‌స్మిత్ 1770లో పాడువడిన పల్లెను గూర్చి మరొక కావ్యం వ్రాసినాడు. ధనికులు భూములు కలుపుకోగా జనం విడిచిపోయిన ఊరు అది. మన సంగతి వేరు: ఉద్దానపు పల్లెలను ఎవరూ తరిమివేయలేదు గాని, పని ఉన్నచోటికి మనుష్యులు పోయినారు; కొందరు జంషెడ్‌పూర్‌కు, కొందరు రంగూనుకు, ఇప్పుడు ఇంకా దూరాలకు. మేము వచ్చి చేరిన ఈ నగరం క్రింద కూడ ఊళ్ళున్నవి. సాక్చీ ఒక పల్లె పేరు. సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు కలిసే ఈ గడ్డమీద హో, సంతాల్, భూమిజ జనుల గ్రామాలుండేవి. ఆ ఊళ్ళ పేర్లు కొన్ని ఇప్పుడు మా పేటల పేర్లు. ఆ పేటల మధ్య కంపెనీ ఇంట నేను పుట్టినాను. ఉద్యోగం విరమించగానే, నియమం ప్రకారం, ఆ ఇంటిని అప్పగించి అద్దె ఇంటికి వచ్చినాము. ‘మీది ఏ ఊరు?’ అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేని స్థితి మాది.

ఈ నగరాన్ని తలపెట్టిన జంషెడ్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి 1902లో ఒక ఉత్తరం వ్రాసినాడు. వెడల్పైన వీధులు, త్వరగా ఎదిగి నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్ళు, ఆటస్థలాలు, గుడులకూ మసీదులకూ చర్చీలకూ చోటు, ఇవన్నీ ఉండాలని అందులో కోరినాడు. అదే ఏడు ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డ్ ఉద్యాననగరాలను గూర్చిన తన గ్రంథాన్ని కొత్త పేరుతో మరల ప్రకటించినాడు. పొగగొట్టాల పట్టణానికీ పూలతోటల పల్లెకూ పెండ్లి చేయాలన్నది ఆయన ఆశయం. ఆ కాలపు ఆ గాలి సింగ్‌భూమ్ అడవులదాకా వీచినదనిపిస్తుంది. టెంపుల్, స్టోక్స్, కోనిగ్స్‌బెర్గర్ మొదలైనవారు ఒకరి తరువాత ఒకరు ఈ ఊరి పటం గీచినారు. కాబట్టి, కొలిమి ఎరుపు పడ్డ ఆకాశం క్రింద, కంచెకు మల్లెతీగ ప్రాకిన చిన్న ఇంటిలో పెరిగిన మేము, ఒక విధంగా పల్లె కలలోనే పెరిగినాము.

ఆ కల కన్నవాడు దీనిని చూడలేదు. ఆయన 1904 మే 19న జర్మనీలో మరణించినాడు. ఇక్కడ మొదటి ఇనుము పోత పోసినది 1911 డిసెంబరులో. ఆయన దేహం లండనుకు నైరుతిగా, సర్రీ సీమలో బ్రుక్‌వుడ్ అనే పల్లెను ఆనుకొని ఉన్న శ్మశానవాటికలో, పారసీకుల భాగంలో ఉన్నది. 1932లో దోరాబ్జీ కూడ అక్కడికే చేరినాడు. ఈ ఊరికి పేరైన మనుష్యుడు ఒక ఇంగ్లీషు పల్లె దాపున నిద్రిస్తున్నాడు! ఈ సంగతి నాకు చిన్ననాటినుండి తెలిసినదే. కాని మా ప్రయాణపు పటంలో గ్రాస్‌మియర్‌కు క్రిందుగా బ్రుక్‌వుడ్‌ను గుర్తు పెట్టినప్పుడు, మామయ్య ప్రశ్నకు సమాధానం దొరికినట్లయినది. అక్కడ ఎవరూ లేరా? ఇద్దరున్నారు. ఒకరు నా భార్యకు జీతం తెచ్చిన పద్యం వ్రాసినవారు. ఒకరు మా మూడు తరాలకు అన్నం పెట్టిన పనిని తలపెట్టినవారు.

అయితే అక్కడి పల్లెను బొమ్మలోవలె చూడడం మంచిది కాదని కూడ చదివి తెలుసుకొన్నాము. గ్రాస్‌మియర్ ఉన్న సీమ 1951లో జాతీయోద్యానం అయినది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వస్థలం అయినది. ఆ కీర్తితోపాటు ఇండ్ల ధరలు పెరిగినవి. ఎన్నో ఇండ్లు దూరనగరాలవారి రెండవ ఇండ్లుగా, మాబోటి అతిథుల బసలుగా మారినవి. అక్కడ పుట్టిన యువకులకు అక్కడ ఇల్లు దొరకడం కష్టమైనది. ఇక ఆ ద్వీపంలోనే, వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో, మా కంపెనీయే 2007లో కొన్న ఉక్కు కర్మాగారంలో చివరి ఊదు కొలిమి 2024 సెప్టెంబరు 30న చల్లారినది. 2,800 వరకు ఉద్యోగాలు పోతవని ఆ ఏటి ఆరంభంలోనే ప్రకటించినారు. ఊరు విడిచిపోవలసిన ఫిట్టర్లు అక్కడా ఉంటారు. ఎవరి పల్లె ఎవరికి విహారస్థలమో, ఎవరి కొలిమి ఎవరి చేతిలో చల్లారుతుందో, చెప్పడం కష్టం.

ఇక ప్రవేశానుమతి పత్రాలు. ఆరు నెలలకు మించని సందర్శకులకు ఇచ్చే అనుమతి కోసం మేము దరఖాస్తు నింపుతున్నాము. యాత్ర ముగియగానే స్వదేశానికి తిరిగి వస్తామని అధికారులకు నమ్మకం కలిగించాలి. ఇక్కడ మాకు గల బంధాలను పత్రాలతో చూపడం మంచిది. బల్లమీద కాగితాలు పరిచినాము. పింఛను కాగితం ఉన్నది, బ్యాంకు పుస్తకం ఉన్నది. ఇల్లు? అద్దెది. పిల్లలా? ఒకరు పూణేలో, ఒకరు బెంగుళూరులో. మేము ఈ భూమికి కట్టుబడి ఉన్నామనడానికి సాక్ష్యమేది? నా భార్య లోపలికి పోయి ఇనుప పెట్టెలోనుండి ఒక చిన్న పుస్తకం తెచ్చి అన్నిటిమీదా పెట్టినది. అది ఉద్దానంలోని అర ఎకరపు పట్టాదారు పాసుపుస్తకం.

ఇద్దరమూ దానిని చాలసేపు చూచినాము. “మనం తిరిగి వస్తామని ఈ తోట హామీ ఇస్తుంటే, దాన్ని బీడుగా ఉంచి వెళ్ళడం బాగుండదండీ” అన్నది ఆమె. “అయితే పువ్వు మానుకొందామా?” అని అడిగినాను. “మానుకోవడమెందుకు? పన్నెండు రోజులు అక్కర లేదు. ఆరు చాలు” అన్నది.

ఇప్పుడు మా లెక్క ఇట్లు కుదిరినది. బైబరీ మానుకొన్నాము, ఎడిన్‌బరో మానుకొన్నాము. బ్రుక్‌వుడ్‌లో ఒక పూట, గ్రాస్‌మియర్‌లో నాలుగు దినాలు, రాకపోకలకు తక్కినవి. వర్షం వస్తుందని గొడుగులు. చలికి నాన్నగారి పాత ఉన్ని కోటు. ఆవకాయ ఒక చిన్న సీసాలో. ఏప్రిల్‌లో తిరిగి వచ్చి, జూన్‌లో తొలకరి పడగానే ఇచ్ఛాపురం రైలెక్కుతాము. మొక్కలు నాటడానికి అదే అదను. పినతండ్రి కొడుకుకు ఫోను చేసి నలభై మొక్కలకు చెప్పి ఉంచమన్నాను. అతడు, “అన్నా, మీరే దగ్గరుండి నాటిస్తారా?” అని రెండుసార్లు అడిగినాడు.

ఖర్చుల పుస్తకంలో ఒక పుట తెరిచి నా భార్య అడ్డగీత గీచినది. ఎడమ ప్రక్కన విమానం, బస, రైలు, బస్సు. కుడి ప్రక్కన మొక్కలు, ఎరువు, బావి, కూలి. రెండు ప్రక్కలకూ పైన ఒకే మాట వ్రాసినది: ‘ఊరు’.